సముద్రానికి టికెట్టు లేదు

కళింగపట్నం... ఈ పేరు వినగానే మీకేం గుర్తొస్తుంది? చాలామందికి రేడియోలో తుపాను వార్తలే గుర్తొస్తాయి. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందంటే చాలు, ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగరేసిన ఓడరేవుల జాబితాలో ఈ పేరు ఉండాల్సిందే. ముప్పు తప్పిపోగానే ఊరి సంగతి మరిచిపోతాం. ఆ ఊరికి ఏడాదిలో ఎండ కాసే రోజులు కూడా ఉంటాయని మనకు తోచదు. అలాంటి ఒక ఆదివారం గురించే ఈవారం ముచ్చట.

ఈ రోజుల్లో నలుగురున్న కుటుంబం సరదాగా బయటికెళ్లాలంటే ముందు పర్సు తడుముకోవాలి. సినిమాకెళ్తే టికెట్లతో పాప్‌కార్న్ డబ్బా పోటీ పడుతుంది. పార్కులో పిల్లలు ఎక్కే ప్రతి ఆటకీ వేరే రేటు. ఇంటికొచ్చాక పిల్లలు హుషారుగానే ఉంటారు, లెక్క చూసుకునే నాన్నే నీరసపడతాడు. అదే సముద్రమైతే? టికెట్టు లేదు, ఆట అయిపోయిందని గంట కొట్టేవాళ్లూ లేరు.

శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉంది. రాష్ట్రంలో మరే జిల్లాకూ ఇంత లేదు. అయినా చుట్టాలొస్తే మనం బస్సెక్కించేది విశాఖ ఆర్కే బీచ్‌కే! జిల్లాకేంద్రం నుంచి పాతిక కిలోమీటర్ల పైచిలుకు వెళ్తే కళింగపట్నం. ఒడిశా కొండల్లో పుట్టిన వంశధార అక్కడే సముద్రంలో కలుస్తుంది. ఇంకా ఉత్తరాన మహేంద్రతనయ కలిసేచోట బారువ ఉంది. విజయనగరం వాళ్లకు తీరం 28 కిలోమీటర్లే అయినా చింతపల్లి ఉంది, చంపావతి కలిసే కోనాడ ఉంది. చాలాచోట్ల సరుగుడు తోటలు దాటితే ఇసుక, ఇసుక దాటితే నీళ్లు. అంతే. మధ్యలో అంగళ్లూ ఉండవు, మైకులూ ఉండవు.

క్యారేజీ కట్టండి

వానలు, తుపాన్లు వెనకబట్టాక, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లడానికి మంచి కాలం. పొద్దున్నే బయల్దేరండి. దారికి కాస్త పక్కనే శ్రీకూర్మం. కూర్మనాథుణ్ని చూసి, గుడి ఆవరణలో తిరిగే నక్షత్ర తాబేళ్లను పిల్లలకు చూపించండి. తీరం చేరాక ఇక వాళ్లకు మీరు చెప్పేదేం ఉండదు. ఇసుకలో పీత కలుగులు ఎన్నున్నాయో వాళ్లే లెక్కపెడతారు. ఆలిచిప్పలు ఏరతారు. పులిహోర, పెరుగన్నం, కాసిని తేగలు... ఇంట్లో వద్దన్నవాళ్లే ఇక్కడ మారు అడిగి తింటారు.

ఎండ చల్లబడ్డాక తిరుగు ప్రయాణంలో శాలిహుండం కొండ ఎక్కొచ్చు. వంశధార ఒడ్డున వెలిసిన ఈ బౌద్ధ క్షేత్రాన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి పంతులే. వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషిగా ఆయన పిల్లలకు పుస్తకంలో తెలుసు. ఆయన ఈ నది ఒడ్డువాడేనని కొండమీద నిలబడి చెబితే ఇంకా బాగా గుర్తుంటుంది.

మొగ దగ్గర జాగ్రత్త

ఇంతవరకూ అంతా బాగానే ఉంది. కానీ, కార్తీక వనభోజనాల నుంచి సంక్రాంతి దాకా పేపరు తిరగేస్తే విహారం విషాదమైన వార్తలు కనిపిస్తూనే ఉంటాయి. కాపలా లేని తీరంలో కాపలా మనమే. ఈ ఒక్క విషయంలో బేరాల్లేవు.

నది సముద్రంలో కలిసే మొగ దగ్గర అసలు దిగకూడదు. వరదలొచ్చినప్పుడల్లా అక్కడి ఇసుక చోటు మారుతుంది. నిరుడు మోకాలి లోతున్నచోట ఈ ఏడు మనిషి లోతు ఉండొచ్చు. 'అటు ఎల్లకండి బావూ' అని ఎవరైనా మత్స్యకారుడు హెచ్చరిస్తే వాదించకండి. మనం ఏడాదికోసారి చూసే నీటిని ఆయన రోజూ చూస్తాడు.

ఇంకో సంగతి. అలలు ఒడ్డుకు తోసిన నీరు తిరిగి లోపలికి పోవడానికి దారి వెతుక్కుంటుంది. ఒకచోట కాలవలా గుమిగూడి వేగంగా వెనక్కి లాగుతుంది. పక్కన అలలు విరుగుతుంటే అక్కడ మాత్రం నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది. పిల్లలు దిగడానికి అదే బాగుందనుకుంటాం. ప్రమాదం అక్కడే! ఆ లాగుడులో చిక్కితే ఒడ్డువైపు ఎదురీది అలసిపోకూడదు. తేలుతూ, తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రావాలి. ఒడ్డునున్నవాళ్లు గబుక్కున దూకకూడదు. ఖాళీ డబ్బానో, తాడో విసరండి. గట్టిగా కేకేసి దగ్గర్లోని మత్స్యకారులను పిలవండి, 112కి ఫోన్ చేయండి. ఒకరి కోసం ఇద్దరు ముగ్గురు పోయిన ఘటనలన్నీ ఆ గాభరాలోనే జరుగుతాయి. పిల్లలు మోకాలి లోతు దాటకూడదు, పెద్దవాళ్ల చేతికి అందనంత దూరం పోకూడదు. బయల్దేరే ముందు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరిక చూసుకుంటే ఇంకా మంచిది.

అది వాళ్ల వాకిలి

మనకు అది బీచ్. మత్స్యకారులకు అది వాకిలి. అక్కడే వలలు బాగు చేసుకుంటారు, అక్కడే నెత్తళ్లు ఎండబెట్టుకుంటారు. ఆ వలలమీద చెప్పులతో నడవడం, ఆడవాళ్లు పనిలో ఉంటే అడక్కుండా ఫొటోలు తీయడం మన వాకిట్లో ఎవరైనా చేస్తే ఊరుకుంటామా? ఈ ఊళ్ల మగవాళ్లు చాలామంది పనికోసం గుజరాత్ దాకా వెళ్తారు. 2018 నవంబరులో అలా వెళ్లి పాకిస్థాన్‌కు చిక్కిన 20 మంది ఉత్తరాంధ్రవాళ్లు 2020 జనవరిలో గానీ బయటపడలేదు. 2025లో వచ్చిన 'తండేల్' సినిమాకు ఆ ఘటనే ఆధారం. టికెట్టు మీద మిగిలిన డబ్బుతో వాళ్ల దగ్గర ఓ కిలో చేపలు కొనుక్కుంటే ఇద్దరికీ లాభమే.

తీరానికి ఇంకో అతిథి కూడా ఉంది. శీతాకాలం నుంచి వేసవి మొదలయ్యేదాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఒక్కో గూటిలో దాదాపు వంద. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొచ్చి, వెలుతురు కనిపించిన వైపు నడుస్తాయి. ఒడ్డున మన మంటలూ, బండి లైట్లూ ఉంటే దారి తప్పుతాయి. నీటిలో తేలే పాలిథిన్ కవరును జెల్లీఫిష్ అనుకుని పెద్ద తాబేళ్లు మింగేస్తాయి. పొద్దున శ్రీకూర్మంలో కూర్మానికి దండం పెట్టి, మధ్యాహ్నం ఇసుకలో చిప్స్ కవరు వదిలేస్తే ఆ దండానికి అర్థమేముంది?

ఈ మర్యాదలన్నీ ఎందుకంటారా? 2023 జులైలో విశాఖ రుషికొండ బీచ్‌కు 20 రూపాయల ప్రవేశ రుసుము పెడతామన్నారు. జనం మండిపడ్డారు, ప్రతిపాదన వెనక్కి పోయింది. మంచిదే. కూలి చేసుకునే ఇంట్లో అయిదుగురుంటే ఆ వంద రూపాయలూ బరువే. కానీ రుసుము అడిగినవాళ్లు చెప్పే మాట ఒకటుంది... 'చెత్త ఎవరెత్తుతారు? కాపలా ఎవరుంటారు?' ఆ ప్రశ్నకు మన దగ్గర జవాబు ఉండాలి. గేటు వద్దనుకుంటే గేటు దగ్గర మనిషి చేసే పని మనమే చేయాలి.

పెద్ద పనేం కాదు. క్యారేజీ సర్దేటప్పుడు అడుగున ఒక ఖాళీ గోనెసంచి పెట్టుకోండి. తిరిగొచ్చేటప్పుడు మీ చెత్తతోపాటు పక్కవాళ్లు వదిలేసింది కూడా నాలుగు చేతులేస్తే అందులో పట్టేస్తుంది.