మీ ప్రశ్న - మా సలహా : అత్తయ్యగారి కాలిపుండు

ప్రశ్న: మా అత్తయ్యగారికి షుగరు. చెప్పు కరిచి కాలివేలి దగ్గర పుండు పడింది, చీము పట్టింది. నొప్పి లేదంటూ పసుపు అద్దుకుంటున్నారు. మందుల షాపులో జెల్ కట్టు ఉందన్నారు. వాడవచ్చా?
- ఒక సోదరి, ఎలమంచిలి

జవాబు: నొప్పి లేదన్నదే భయపడాల్సిన మాటమ్మా! షుగరువల్ల నరాలు మొద్దుబారి నొప్పి తెలియదు. ఆ హైడ్రోజెల్‌లో ఎక్కువ భాగం నీరే. ఎండిన పుండును తడిగా ఉంచి, చచ్చిన కండను మెత్తబరిచి ఊడేలా చేస్తుంది. చీముకు అదొక్కటే మందు కాదు. రసి బాగా కారుతుంటే చుట్టూ చర్మం నానిపోతుంది కూడా. ముందు డాక్టరుగారు పుండు శుభ్రంచేసి యాంటీబయాటిక్ ఇవ్వాలి, కట్టు సంగతి ఆ తర్వాత. పసుపు వంటింట్లోనే ఉండనివ్వండి. ఆ కాలిమీద బరువు మోపనివ్వకండి. వేలు నల్లబడినా, ఎరుపు పైకి పాకినా, జ్వరం వచ్చినా తెల్లవారేదాకా ఆగక విశాఖ కె.జి.హెచ్.కు తీసుకెళ్ళండి.