నెమ్మదిగా పరిగెత్తిన మూడు నెలలు

వేసవి సెలవుల్లో కూడా ప్రతి శనివారం టెస్ట్ పెట్టమని స్కూల్‌ని అడుగుదామని మన తొమ్మిదో తరగతి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో గత నెల ఒకరు రాశారు. గంట తిరిగేలోపు ముప్పై మందికి పైగా సరేనన్నారు. నేను ఏమీ అనలేదు. నేను ఒప్పుకోకపోవడానికి కారణం చదువు దగ్గర మొదలవలేదు, నా కుడికాలి ఎముక దగ్గర మొదలైంది. అదంతా గ్రూపులో రాస్తే నవ్వుతారు. ఇక్కడ కాస్త చోటుంది కాబట్టి వివరంగా చెబుతాను.

నేను బ్యాంకు ఉద్యోగిని. పాప ఈత క్లాసులో ఉంటే గట్టు మీద కూర్చుని ఫోన్ చూసుకునేదాన్ని. ముప్పై ఎనిమిదో ఏట నేనూ నీళ్ళలో దిగాను. అది పెరిగి పెరిగి ట్రయథ్లాన్ దాకా వచ్చింది. ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి చేయాలి. బట్టలు, బూట్లు మార్చుకునే సమయం కూడా లెక్కలోకే వస్తుంది. 2019లో గోవాలో మొదలైన ఐరన్‌మ్యాన్ 70.3 పోటీలో సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, ఆ పైన 21.1 కిలోమీటర్ల పరుగు ఉంటాయి. ఎనిమిదిన్నర గంటల్లో ముగించాలి. పేరులోని 70.3 ఈ మూడు దూరాల మొత్తం, మైళ్ళలో.

2022 నవంబర్‌లో మొదటిసారి అక్కడ దిగాను. 8 గంటల 4 నిమిషాలు పట్టింది. అందులో పరుగే 2 గంటల 58 నిమిషాలు. చివరి ఆరు కిలోమీటర్లు పరిగెత్తానని చెప్పుకోవడమే గానీ నిజానికి నడిచాను. హైదరాబాద్ తిరిగి రాగానే, "నా పరుగు బలహీనం, ఇప్పుడే పట్టు పట్టాలి" అనుకున్నాను. పోటీ అయిన నాలుగో రోజునే మళ్ళీ బూట్లు కట్టాను. డిసెంబర్ అంతా వారానికి మూడుసార్లు స్టేడియంలో గడియారం పెట్టుకుని వేగంగా రౌండ్లు. జనవరిలో ఒక హాఫ్ మారథాన్‌కి డబ్బు కూడా కట్టేశాను.

ఆ హాఫ్ మారథాన్ నేను పరిగెత్తలేదు. మోకాలికీ చీలమండకీ మధ్య, ముందువైపు ఎముక మీద వేలు పెడితే ప్రాణం పోయేంత నొప్పి. డాక్టర్ గారు స్కాన్ చూసి, ఎముక విరగలేదు గానీ ఆ దారిలోనే ఉందన్నారు. ఆరు వారాలు పరుగు బంద్. తగ్గిందనుకుని తొందరపడి మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ నొప్పి. 2023 సీజన్ మొత్తం అలాగే పోయింది. ఇందులో కోచ్ తప్పేమీ లేదు. ఆయన వద్దంటూనే ఉన్నారు.

అప్పుడు తెలుసుకున్నదేమిటంటే, వేగంగా సాధన చేస్తే గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే మెరుగవుతాయి. మనకు దమ్ము పెరిగినట్టు తెలుస్తుంది, హుషారొస్తుంది. ఎముకలూ, కండరాలను ఎముకలకు కట్టిపెట్టే స్నాయువులూ గట్టిపడటానికి మాత్రం నెలలు కావాలి. ఇంజిన్ పెద్దదైపోయి, బండి చట్రం పాతదే ఉండిపోతుంది. నా కాలికి జరిగింది ఇదే.

2023 చివర్లో కోచ్ చెప్పినట్టే విన్నాను. మొదటి మూడు వారాలు చేతికి వాచీ కూడా లేదు. బుద్ధి పుడితే నడక, లేదంటే పాపతో ఈత. డిసెంబర్ నుంచి వారానికి నాలుగు రోజుల పరుగు, ఒకే ఒక్క షరతుతో. గుండె నిమిషానికి 138 సార్లకు మించి కొట్టుకోకూడదు. 180లోంచి వయసు తీసేస్తే వచ్చే అంకె అది, అప్పటికి నాకు 42. అందరికీ సరిపోయే లెక్కేం కాదు, మొదలుపెట్టడానికో మోటు కొలత. హవాయి ఐరన్‌మ్యాన్‌ను ఆరుసార్లు గెలిచిన మార్క్ అలెన్ ఇలా గుండె వేగానికి హద్దు పెట్టుకునే ఆఫ్ సీజన్‌లో పరిగెత్తేవాడు.

వినడానికి తేలికే. చేయడానికి సిగ్గు. మా ఇంటి దగ్గర ప్రతి రోడ్డూ ఎక్కుడే. కాస్త ఎత్తు రాగానే వాచీ మోగేది, నడవాల్సి వచ్చేది. కిలోమీటరుకు 8 నిమిషాల 40 సెకన్లు. ఒకరోజు పార్కులో డెబ్బై ఏళ్ళ పెద్దాయన చేతికర్రతో నన్ను దాటుకుంటూ వెళ్ళి, వెనక్కి తిరిగి, "ఏమ్మా, కాలికి దెబ్బ తగిలిందా?" అని అడిగారు. లేదంటే అబద్ధం, అవునంటే అదీ అబద్ధం. నవ్వేసి ఊరుకున్నాను.

వారానికి 20 కిలోమీటర్లతో మొదలై ఫిబ్రవరి చివరికి 38కి చేరాను. ప్రతి నాలుగో వారం తగ్గించడం. వారానికి రెండుసార్లు పరుగయ్యాక ఇరవై సెకన్ల చొప్పున ఆరుసార్లు హాయిగా వేగం పెంచి వదలడం, ఇంట్లో మెట్టు అంచున నిలబడి మడమలు పైకెత్తడం. అంతే. ఫిబ్రవరి నెలాఖరుకి అదే 138 మీద కిలోమీటరు 7 నిమిషాల 35 సెకన్లలో అవుతోంది. నేను కష్టపడింది లేదు, కానీ నిమిషం తగ్గింది. అసలు కష్టమైన పరుగులు జూన్‌లో మొదలయ్యాయి. ఆగస్టులో హైదరాబాద్ హాఫ్ మారథాన్, ఆ ఫ్లైఓవర్లన్నీ ఎక్కి దిగాను. 2024 అక్టోబర్‌లో మళ్ళీ గోవా. పరుగు 2 గంటల 31 నిమిషాలు. చివరి ఆరు కిలోమీటర్లలో నడిచింది నీళ్ళ బల్లల దగ్గర మాత్రమే.

ఇది కొత్త సంగతేం కాదు. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ అరవై ఏళ్ళ కిందటే చేసి చూపించాడు. ఆయన శిష్యుడు పీటర్ స్నెల్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్ల స్వర్ణం గెలిచాడు. రెండు నిమిషాల్లోపు ముగిసే పరుగు అది. దానికోసం ఆక్లండ్ కొండల్లో ఒక్క విడతలో 35 కిలోమీటర్లు పరిగెత్తించేవాడు లిడియార్డ్. నెలల తరబడి పునాది, ఆ తర్వాతే వేగం, ఆ తర్వాతే పోటీ.

మా నాన్నగారికి ఇదంతా చెబితే, "వేసవి దుక్కి దున్నడమేగా" అన్నారు. పంట లేదు గానీ పొలం ఊరికే లేదు. నా రెండేళ్ళ తిప్పలను ఆయన రెండు ముక్కల్లో తేల్చేశారు.

ఇక వాట్సాప్ గ్రూపు సంగతి. నా ఏడాది ప్లాన్ ఫ్రిజ్ మీద అంటించి ఉంటుంది. ఆఫ్ సీజన్ నెలలకు పచ్చ రంగు. మొన్న మా అమ్మాయి స్కూల్ డైరీ తెచ్చి దాని పక్కన పెట్టుకుని చూస్తోంది. జూన్ నుంచి మార్చి దాకా వీకెండ్ టెస్టులు, మధ్యలో దసరా హోంవర్క్, సంక్రాంతి రివిజన్. "అమ్మా, శనివారం టెస్టులు వస్తే నాకు పచ్చ రంగు ఎక్కడ వేయాలి?" అని అడిగింది. దెప్పిపొడవడానికి కాదు, నిజంగానే అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

పిల్లల మెదడు నా కాలి ఎముక కాదని తెలుసు. పోలికను అంతదూరం లాగను. కానీ టెస్ట్ మీద టెస్ట్ పెడితే ముందుగా పెరిగేది టెస్ట్ రాసే నేర్పు. మార్కులు పెరుగుతాయి, మనకు హుషారొస్తుంది. మా అమ్మాయికి ఆల్జీబ్రాలో తొంభై వస్తాయి. భిన్నాల లెక్క అడిగితే ఇప్పటికీ తడబడుతుంది. ఆరో తరగతిలో నెమ్మదిగా కూర్చుని తేల్చుకోవాల్సింది, వచ్చే శనివారం టెస్ట్‌లో లేదని దాటేసింది. ఆ పగులు ఇంటర్ మ్యాథ్స్ బరువు పడ్డాక బయటపడుతుంది.

"రెండు నెలలు వదిలేస్తే అంతా మరిచిపోతారు" అని ఒకరు రాశారు. నిజమే, కొంత మరుపు ఉంటుంది. మూడు వారాలు మానేశాక మొదటిరోజు నా కాళ్ళు కూడా మొద్దుబారినట్టే ఉన్నాయి. పది రోజుల్లో తిరిగొచ్చింది. "పరిగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు" అనే సామెత కూడా ఎవరో పెట్టారు, నన్ను ఉడికించడానికేమో. నేను ఆ సామెత పక్షం కాదు. పాలే కావాలి, పరిగెత్తాల్సిందే. పదో తరగతి, జేఈఈ, నీట్ పోటీ ఎంతటిదో నాకూ తెలుసు. జూన్ నుంచి వీకెండ్ టెస్టులు ఉండనివ్వండి, నేను అడ్డు చెప్పను.

అడుగుతున్నది ఇంతే. వార్షిక పరీక్షలయ్యాక నాలుగు వారాలు టెస్ట్ వద్దు, ర్యాంక్ వద్దు, గ్రూపులో మార్కుల జాబితా వద్దు. ఆ తర్వాత కావాలన్న పిల్లలకు రోజుకో గంట, పాత తరగతుల్లో తడబడిన పాఠాలు గడియారం లేకుండా చెప్పించమని స్కూల్‌ని అడుగుదాం. అది శనివారం టెస్ట్ కంటే టీచర్లకు కష్టమైన పనే. అమ్మమ్మ ఊరికి వెళ్ళే పిల్లల్ని వెళ్ళనిద్దాం. మధ్యాహ్నం దాకా నిద్రపోయే పిల్లల్ని ఓ వారం నిద్రపోనిద్దాం.

ఏప్రిల్ పేరెంట్స్ మీటింగ్‌లో ఇది అడగబోతున్నాను. గ్రూపులో సరేనన్నవాళ్ళలో ఒకరిద్దరైనా నా పక్కన నిలబడితే బాగుంటుంది. ఈలోగా ఫ్రిజ్ మీద మా అమ్మాయి కాగితం కూడా చేరింది. మే నెలకు పెన్సిల్‌తో పచ్చగా గీసుకుంది. స్కెచ్ పెన్ ఇంకా తీయలేదు.