రంజాన్ మంచుకాలంలోకి వచ్చింది.. కారుకు ఆల్ వీల్ డ్రైవ్ తప్పనిసరా?

డల్లాస్‌లోనో హ్యూస్టన్‌లోనో కొన్నేళ్లు ఉద్యోగం చేసి షికాగో, డెట్రాయిట్, మినియాపోలిస్ వైపు మారుతున్న తెలుగు ముస్లిం కుటుంబాలకు నవంబర్ వచ్చేసరికి ఒక ప్రశ్న ఎదురవుతుంది. టెక్సాస్‌లో హాయిగా నడిచిన రియర్ వీల్ డ్రైవ్ కారును మంచులోనూ నడపొచ్చా, లేక దాన్ని అమ్మేసి ఆల్ వీల్ డ్రైవ్ కొనాలా? షోరూంలో దొరికే జవాబు ఎప్పుడూ ఒకటే: పిల్లలున్న ఇల్లు కదా, ఆల్ వీల్ తీసుకోండి. నిజామాబాద్‌లో కూర్చుని వీడియో కాల్‌లో మంచు చూసిన అమ్మీ మాటా అదే: "పైసలు చూడకు బేటా, మంచి బండి తీస్కో."

పైసలు చూడక తప్పదు. ఒకే మోడల్‌లో రెండు చక్రాల డ్రైవ్‌కూ నాలుగు చక్రాల డ్రైవ్‌కూ తేడా చాలా కార్లలో వేల డాలర్లలోనే ఉంటుంది. వడ్డీ జోలికి పోకూడదని నెలనెలా కూడబెట్టి నగదుతో కారు కొనే ఇళ్లకు అది చిన్న మొత్తం కాదు. పైగా ఆ డబ్బు పెట్టాక "ఇక మనకు భయం లేదు" అనే ధీమా కూడా వస్తుంది. అసలు ప్రమాదం ఆ ధీమాలోనే ఉంది.

ఈ లెక్క ఇప్పుడు మరింత ముఖ్యం కావడానికి ఇంకో కారణం క్యాలెండర్. 2026లో రంజాన్ ఫిబ్రవరి మూడో వారంలో మొదలైంది. 2027లో ఫిబ్రవరి రెండో వారంలో, 2028లో జనవరి చివర్లో వస్తుంది, చంద్ర దర్శనాన్ని బట్టి ఒక రోజు అటూఇటూ. 2030లోనైతే జనవరిలో ఒకసారి, డిసెంబర్ చివర్లో మరోసారి. అంటే వరుసగా కొన్నేళ్లు తరావీహ్ నుంచి ఇంటికి వచ్చేది గడ్డకట్టిన రోడ్ల మీదే. వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లలు, ఉపవాసంతో అలసిన డ్రైవర్. పగలు కరిగిన మంచు రాత్రికి కంటికి కనబడని నల్లటి ఐసుగా మారే వేళ అది. ఫజర్ జమాత్‌కు వెళ్లేవాళ్లదీ ఇదే పరిస్థితి.

రియర్ వీల్ అంటే మనవాళ్లకు కొత్త కాదు. పాత అంబాసిడర్, బొలెరో, ఇన్నోవా క్రిస్టా అన్నీ వెనక చక్రాలు తోస్తే నడిచేవే. వానాకాలం బురదలో ఖాళీ బొలెరో వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరగడం ఊళ్లో అందరూ చూసిందే. మంచులోనూ అంతే. ఇంజన్ బరువు ముందు ఉంటుంది, తోసే చక్రాలు వెనక ఉంటాయి. మలుపులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే బండి వెనక భాగం పక్కకు జారుతుంది. అమెరికాలో పికప్ ట్రక్కులవాళ్లు చలికాలం వెనక ఇసుక బస్తాలు వేసుకునేది అందుకే. అయితే అమెరికాలో 2012 మోడల్ నుంచి అన్ని కార్లకూ స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి. జారుతున్న చక్రానికి బ్రేకు వేసి, ఇంజన్ శక్తిని తగ్గించి బండిని దారిలో పెట్టడానికి అది ప్రయత్నిస్తుంది. అందుకే నేటి రియర్ వీల్ కారు పాతకాలం దానంత మొండిది కాదు.

ఇక ఆల్ వీల్ చేసేదేమిటి? ఇంజన్ శక్తిని నాలుగు చక్రాలకూ పంచుతుంది. దాంతో ఆగిన బండి కదులుతుంది, ఎత్తు ఎక్కుతుంది. ఆపడంలో మాత్రం దాని సాయం ఏమీ లేదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి. బండి ఎంత దూరంలో ఆగుతుందన్నది రోడ్డును టైరు ఎంత పట్టుకుందన్న దాని మీదే ఆధారపడుతుంది. రియర్ వీల్ కారు సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడే జారి "రోడ్డు బాగాలేదు" అని డ్రైవర్‌కు చెబుతుంది. ఆల్ వీల్ కారు ఆ సంగతి చెప్పకుండా సాఫీగా వేగం అందుకుంటుంది. రోడ్డు ఎలా ఉందో తెలిసేది ముందు కారు ఆగినప్పుడే.

కాబట్టి మొదటి డాలర్లు వెళ్లాల్సింది టైర్లకు. ఆల్ సీజన్ అని పేరున్నా, ఆ టైర్ల రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కంటే చలి పెరిగే కొద్దీ గట్టిపడి పట్టు కోల్పోతుంది. వింటర్ టైర్ల రబ్బరు ఆ చలిలోనూ మెత్తగా ఉంటుంది. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు గుర్తు ఉందో లేదో చూసి కొనాలి. ఉత్త "ఎం ప్లస్ ఎస్" అక్షరాలు చాలవు. నాలుగు చక్రాలకూ ఒకే రకం వేయాలి. ఖర్చు మిగులుతుందని రియర్ వీల్ కారుకు వెనక రెండే మారిస్తే, కదలడం బాగానే ఉంటుంది గానీ మలుపులో స్టీరింగ్ మాట వినదు.

కెనడాలోని క్యూబెక్ ఈ విషయాన్ని చట్టంలోనే తేల్చేసింది. అక్కడ డిసెంబర్ 1 నుంచి మార్చి 15 వరకు కార్లకు వింటర్ టైర్లు తప్పనిసరి, ఆల్ వీల్ ఉందంటే మినహాయింపు లేదు. పక్కనున్న ఒంటారియోలో అలాంటి నిర్బంధం లేదు. కానీ 2016 నుంచి వింటర్ టైర్లు వేసుకున్నవారికి ఇన్సూరెన్స్ కంపెనీలు డిస్కౌంట్ ఇవ్వాల్సిందే. టొరంటో, మిస్సిసాగాల్లో ఉన్నవాళ్లు అడిగి తీసుకోవాలి.

అలాగని ఆల్ వీల్ దండగ అనడానికీ లేదు. ఇల్లు ఎత్తు మీద ఉండి, మంచు తీసే బండి ఆలస్యంగా వచ్చే వీధి అయితే, రాత్రి డ్యూటీకి తప్పక వెళ్లాల్సిన నర్సు, డాక్టర్, క్యాబ్ డ్రైవర్ ఇంట్లో ఉంటే ఆ డబ్బు సార్థకమే. కానీ షికాగో చుట్టుపక్కల నేల దాదాపు చదును, పెద్ద రోడ్లను ముందే శుభ్రం చేస్తారు. అలాంటి చోట మంచి వింటర్ టైర్లు వేసిన రియర్ వీల్ కారు, అరిగిన ఆల్ సీజన్ టైర్లతో తిరిగే ఆల్ వీల్ కారు కంటే నమ్మదగినది.

ఎలక్ట్రిక్ కార్ల సంగతి కొంచెం వేరు. టెస్లా మోడల్ 3, మోడల్ వైలలో తక్కువ ధరవి రియర్ వీలే. మోటారు వెనక చక్రాల దగ్గరే ఉంటుంది, అడుగున బ్యాటరీ బరువు ఉంటుంది, జారుడును కంప్యూటర్ క్షణంలో పట్టుకుంటుంది. కాబట్టి పెట్రోల్ రియర్ వీల్ కార్లతో వీటిని ఒకే గాటన కట్టకూడదు. అయితే పెడల్ నుంచి కాలు తీయగానే మోటారే బ్రేకులా పనిచేస్తుంది. ఐసు మీద అది వెనక చక్రాలను జార్చవచ్చు, ఆ బ్రేకింగ్‌ను తగ్గించే సెట్టింగ్ ఉంటే వాడాలి. చలిలో ఛార్జ్ త్వరగా తరుగుతుంది కూడా. 2024 జనవరిలో షికాగో ఛార్జింగ్ స్టేషన్ల దగ్గర టెస్లాలు బారులు తీరి నిలిచిపోయిన దృశ్యాలు వార్తల్లో వచ్చాయి. తరావీహ్‌కు బయల్దేరేముందు ఛార్జ్ ఎంతుందో చూసుకోవడం డ్రైవ్ రకం కంటే ముఖ్యం.

ఏ కారైనా మంచులో కూరుకుపోతే ఇంజన్ ఆన్‌లో ఉంచి లోపల కూర్చునే ముందు వెనక పొగగొట్టం చుట్టూ మంచు తీసేయాలి. లేకపోతే విషవాయువు లోపలికి వస్తుంది, దానికి వాసన ఉండదు.

టైర్లు మార్చాలనుకునేవాళ్లు అక్టోబర్‌లోనే షాపులో టైం తీసుకోవడం మేలు. మొదటి మంచు పడిన మర్నాడు అక్కడ క్యూ చాలా పొడవుంటుంది.