తాళము బ్యాంకుది, నష్టము వర్తకునిది

అమెరికా దేశమున బ్యాంకులు వర్తకులకు చేయు సేవలలో లాక్‌బాక్సు అనునది యొకటి. కొనుగోలుదారులు తమ చెక్కులను వర్తకుని కార్యాలయమునకు గాక, అతని పేర నేర్పరచిన తపాలా పెట్టెకు పంపుదురు. బ్యాంకువారే దానిని తెరచి, కవరులు చించి, చెక్కులను నాడే అతని ఖాతాకు జమకట్టి, పద్దుల వివరమును, కాగితముల నకళ్లను అతనికి పంపుదురు. చెక్కు త్రోవలో నున్నన్ని దినములు వర్తకుని రొక్కము పనికిరాక పడియుండును. ఆ దినములను తగ్గించుటకే రెండవ ప్రపంచయుద్ధానంతరము ఈ పద్ధతి వ్యాపించినది. వచ్చిన చెక్కు దొంగ గుమాస్తా చేత చిక్కకుండుట దీనివలని రెండవ లాభము. ఈ లాభములను మేము కాదనము.

కాని "అంతయు బ్యాంకు చూచుకొనును, మనకు విచారమేల?" యని నిద్రించు వర్తకుని హెచ్చరింపక తప్పదు. కవరులో చెక్కు ఒక్కటే రాదు. సరుకు చెడినదనియో, తూకము తగ్గినదనియో ఉత్తరము కూడ వచ్చును. వేయి డాలర్ల బాకీకి ఏడు వందల చెక్కు పంపి, దానిపై "బాకీ పూర్తిగా చెల్లు" అని వ్రాయువాడును గలడు. వేలకొలది కవరులను యంత్రములతో చించు బ్యాంకునకు కావలసినది అంకెయే, వ్రాత కాదు. చెక్కు జమయగును. తగవు నిజమైనదై, చెక్కు సద్భావముతో పంపబడినదై, ఆ మాట స్ఫుటముగా నున్నచో, తక్కిన మూడు వందలకు నీళ్లు వదలుకొనవలసినదే. తాను కన్నెత్తి చూడని కాగితమునకు వర్తకుడు బద్ధుడగుట ఎంత విపరీతము!

ఆ దేశపు శాసనకర్తలు ఈ చిక్కు నెరుగకపోలేదు. అనేక రాష్ట్రములు స్వీకరించిన ఏకరూప వాణిజ్య స్మృతిలో 1990 సవరణచే చేరిన 3-311వ సెక్షను వర్తక సంస్థలకు రెండు రక్షణల నొసగినది. తగవుపడిన చెక్కులను ఫలానా కార్యాలయమునకే పంపవలెనని ముందుగా స్పష్టముగా తెలుపుట యొకటి. చెక్కు చెల్లిన 90 దినములలోగా ఆ సొమ్మును తిరిగి యిచ్చివేయుట రెండవది. నకళ్లను చదువని వానికి 90 దినము లున్న నేమి, 900 దినము లున్న నేమి?

ఇది పరదేశపు గొడవ యని త్రోసివేయరాదు. వర్తకుల చెక్కులను రుసుము గైకొని వసూలు చేయు బ్యాంకులు మన దేశమునను గలవు. మన 1872 నాటి కాంట్రాక్టు చట్టమున 63వ సెక్షను క్రింది ఉదాహరణమును చూడుడు: 5,000 రూపాయల బాకీకి 2,000 రూపాయలను పూర్తి చెల్లుబడిగా అంగీకరించినచో బాకీ యంతయు తీరిపోవును. అంగీకరించినది యజమానియా, బ్యాంకు యంత్రమా యని న్యాయస్థానమున వాదించుటకంటె ముందే మేల్కొనుట మేలు కాదా?

కావున వర్తకసోదరులకు మా మనవి యిది. రొక్కము మోయుటకు బ్యాంకును నియమింపుడు; తగవు తీర్చు అధికారమును మీయొద్దనే యుంచుకొనుడు. తగవుల కొరకు వేరు చిరునామాను ప్రతి బిల్లుపైనను అచ్చు వేయింపుడు. వ్రాతతో వచ్చిన చెక్కును జమకట్టక వేరుగా నుంచవలెనని ఒడంబడికలో వ్రాయించుకొనుడు. ఏనాటి నకళ్లను ఆనాడే చదువుడు. తాళపుచెవి పరుల కిచ్చినవాడు లెక్క యడుగుట మానరాదు.