చతురంగ సంకలితము - ఉపపత్తి

పావులూరి మల్లన పేరున ప్రసిద్ధమైన చతురంగ పద్యమును మన విద్యార్థులు నేటికిని కంఠస్థము చేయుచున్నారు. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు రెట్టించుచు 64 గళ్ళు నింపినచో మొత్తము 18446744073709551615 అగును. ఈ యిరువది యంకెలను భూతసంఖ్యలతో వామగతిని ఒక్క చంపకమాలలో నిమిడ్చిన నేర్పు ప్రశంసనీయమే. కాని ప్రశంసతోనే మన వ్యాఖ్యానము ముగియుచున్నది. సంఖ్య పెద్దదగుట గొప్ప కాదు. దాని స్వభావమేమో విచారింపవలెను.

ఈ సంఖ్య ప్రధాన సంఖ్యయా? కాదనుటకు దీర్ఘగణన మక్కరలేదు. గళ్ళను రెండేసిగా కూర్చినచో మొదటి జంట 3, రెండవది 12, మూడవది 48. ప్రతి జంటయు ముందుదానికి నాలుగు రెట్లు. కావున మొత్తము 3చే నిశ్శేషముగా భాగింపబడును. గళ్ళ సంఖ్య సంయుక్తమైన ప్రతిచోటను ఈ యుక్తియే వర్తించును.

61 ప్రధాన సంఖ్య యగుటచే 61 గళ్ళ నిట్లు విభజింప వీలుకాదు. ఆ గళ్ళ మొత్తము 2305843009213693951. అంతమాత్రమున నిది ప్రధాన సంఖ్య యని నిశ్చయింపరాదు. 11 ప్రధానమైనను 11 గళ్ళ మొత్తమగు 2047, 23ను 89చే గుణింపగా వచ్చినదే గదా! ఫ్రాన్సు దేశీయుడగు మెర్సెన్ 1644లో నిట్టి ప్రధాన సంఖ్యల పట్టికను ప్రకటించి, అందు 67ను చేర్చి 61ని విడిచెను. 67 విషయమున నతడు పొరబడెనని 1876లో లూకాస్ నిరూపించెను. 1903లో కోల్ దాని భాజకములను చూపెను. 61 గళ్ళ మొత్తము ప్రధాన సంఖ్యయే యని 1883లో పెర్వూషిన్ అను రష్యా దేశపు మతాచార్యుడు నిరూపించెను. మెర్సెన్ కీర్తి యతని పట్టికను కాపాడలేదు. పరీక్షయే దానిని సవరించినది.

ఆప్తవాక్యమును ప్రమాణముగా గౌరవించు సంప్రదాయమున పెరిగినవాడనే నేనును. అయినను గణితమున ఉపపత్తి లేనివాడు సభలో ప్రౌఢి నందజాలడని భాస్కరాచార్యుడే గోళాధ్యాయమున హెచ్చరించెను. మల్లన పద్యమున సంకలితమే కలదు. ప్రధాన సంఖ్యల విచారము లేదు. లేనిదానిని అందారోపించి ఆధునిక గణితమంతయు మనకు ముందే తెలియునని వ్రాయుట పూర్వులకు గౌరవము కాదు. అట్టి వ్రాతలు పరిశోధనగా చెలామణి యగుట విచారకరము. ఒక్క దోషము బయటపడినచో పద్యమున నిజముగా నున్న ప్రజ్ఞను సైతము లోకము శంకించును.

కావున ప్రాచ్య కళాశాలలలో నీ పద్యమును బోధించు వారికి నా మనవి యొక్కటే. భూతసంఖ్యలను విప్పి చూపుటతో నిలువక, 3చే భాగింపబడు యుక్తిని నల్లబల్లపై వ్రాయుడు. 61 గళ్ళకు అది యేల చెల్లదో విద్యార్థులచే చెప్పింపుడు. పద్యము నోట నిలుచుట ధారణ. యుక్తి బుద్ధికెక్కుట విద్య. ఈ రెండును కలిసిననాడే మన పాఠము శాస్త్రపాఠ మగును.