మామ్మగారి వీపు చూసేదెవరు?



రాంబిల్లి ప్రాంతంలో సంఘస్థుల ఇళ్లకు ప్రార్థనకు వెళ్లినప్పుడల్లా ఒక సంగతి మా కంటబడుతోంది. కొడుకూ కోడలూ అచ్యుతాపురం కంపెనీల్లో షిఫ్టులకు పోతారు. లేదా విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో కాపురముంటారు. అరుగు మీద ముసలితల్లి ఒక్కతే. ఇదివరకు వృద్ధాశ్రమం మాట ఎత్తితే చెవులు మూసుకొనేవారు. ఇప్పుడు "అయ్యగారూ, మంచి హోము ఏదైనా ఉందా?" అని మెల్లగా అడుగుతున్నారు. అడిగినవారిని మేము తప్పుపట్టము.

అయితే మంచి హోము అంటే ఏమిటి? రెండేళ్ల క్రితం ఒక హోములో ఉన్న మా సంఘపు మామ్మగారిని చూడబోయాము. ఊరూ పేరూ చెప్పము. గదులు అద్దంలా ఉన్నాయి. నిర్వాహకుడు మర్యాదస్తుడు, టీ ఇప్పించారు. మామ్మగారు మాత్రం మమ్మల్ని గుర్తుపట్టలేదు. "వారం నుండి ఇంతేనండీ, వయసు కదా" అన్నారాయన. మాతో వచ్చిన స్త్రీల సమాజపు సహోదరి ఒకరు పూర్వం నర్సుగా పనిచేసినవారు. ఆమె దుప్పటి తీసి మామ్మగారిని పక్కకు తిప్పారు. తుంటి దగ్గర అరచేయంత పుండు! నాలుక ఎండిపోయి ఉంది. ఆసుపత్రికి తీసుకువెళ్తే ఒంట్లో నీరు తగ్గిందని, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందని తేలింది. మందులు పడిన నాలుగో రోజున మమ్మల్ని గుర్తుపట్టి, "బాబూ, గుడి రేకులు మార్చారా?" అని అడిగారు. పుండు మానడానికి నెలలు పట్టింది.

ఆ నిర్వాహకుడు కఠినాత్ముడు కాడు. బియ్యం బేరమాడడం వచ్చు, విరాళాలకు రసీదు రాయడం వచ్చు. మంచం పట్టిన మనిషిని రెండేసి గంటలకు పక్క మార్చాలని, ముసలితనంలో దాహం సరిగా తెలియదు గనుక అడగకపోయినా నీళ్లు తాగించాలని, ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా మతి తప్పితే అది వయసు కాదు, జబ్బు కావచ్చునని ఆయనకు ఎవరూ చెప్పలేదు. పడుకోబెట్టి గంజి పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చునని మాకూ ఆనాడే తెలిసింది.

2007లో కేంద్రం చేసిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం జిల్లాకొకటైనా, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులు పట్టేలా ఆశ్రమం ఉండవచ్చునంటుంది. వాటి ప్రమాణాలు నిర్ణయించే పని రాష్ట్రాలకు వదిలింది. నడిపేవాడు ఏమి నేర్చుకొని ఉండాలో ఆ చట్టంలో లేదు. అమెరికాలో అయితే నర్సింగ్ హోము నిర్వాహకునికి రాష్ట్రమిచ్చే లైసెన్సు ఉండాలి. చాలా రాష్ట్రాల్లో దానిని తిరిగి పొందాలంటే తరగతులకు హాజరైనట్టు చూపాలి. మంచం దగ్గర పనిచేసే సహాయకులకు మొదట కనీసం 75 గంటల శిక్షణ, ఆపైన ఏటా 12 గంటలు. అక్కడి హోములన్నీ పరలోకాలని మేమనడం లేదు, అక్కడా పుండ్లు పడతాయి. కాని ఒకసారి నేర్చుకుంటే చాలదని వారు ఒప్పుకున్నారు.

మనవాళ్లలో కొందరు "ప్రేమ ఉంటే చాలదా అయ్యగారూ?" అంటారు. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం చూడండి. విధవరాండ్రకు అనుదిన పరిచర్యలో లోటు వచ్చినప్పుడు సంఘం ప్రేమను గూర్చి ప్రసంగం పెట్టుకోలేదు. మంచిపేరూ జ్ఞానమూ గల ఏడుగురిని వెదికి ఆ పని అప్పగించింది.

ఢిల్లీలోని జాతీయ సామాజిక రక్షణ సంస్థ వృద్ధుల సంరక్షణలో శిక్షణలు నిర్వహిస్తుంది. హోములు నడిపే మన సంఘాలు ఏడాదికి ఒక్కరినైనా అలాంటి శిక్షణకు పంపితే, ఆ ఖర్చు ప్రహరీగోడ రంగుల కంటె మించదు. తల్లిని చేర్పించే బిడ్డలారా, మీరు టైల్సు చూసి మురిసిపోకండి. రాత్రి ఇద్దరు మేలుకొని ఉంటారా, మరుగుదొడ్డి గచ్చు తడిగా ఉంటుందా, మాత్రలు ఎవరు ఇస్తారు, అమ్మ పింఛను ఎవరి చేతికి వెళుతుంది, ఇవి అడగండి. ఇబ్బందిలో ఉన్న వృద్ధుల కోసం 14567 అనే ఉచిత ఫోను నంబరు ఉంది, గోడ మీద రాసి పెట్టండి.

ఆ నిర్వాహకుడు తరువాత మా సహోదరికి తానే కబురు పంపారు. నెలకొక శనివారం ఆమె వెళ్లి ఆయాలను కూర్చోబెట్టి నేర్పుతున్నారు. ఆయన కూడా చాప మీద కూర్చుంటారు. ప్రతి మంచానికి ఒక పుస్తకం కట్టారు. పక్క మార్చిన వేళ అందులో రాయాలి. మొన్న మేము వెళ్లినప్పుడు ఆయనే ఒకటి తెరిచి చూపించారు. తెల్లవారుజామున రెండు గంటల గడి ఖాళీగా ఉంది. "ఇదింకా కుదరలేదండీ" అన్నారు.