బ్యాంకు ఏ మాట చూసి అప్పిచ్చింది?



వరి నాట్లు పడ్డాక కృష్ణా డెల్టాలో ఏ సొసైటీ ముందు చూసినా యూరియా లైనే. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. ఆ లైన్లో నిలబడే వాళ్ళలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఇఫ్కో, క్రిభ్‌కో అనేవి సహకార సంఘాలు. దేశమంతా ఊళ్ళలో ఉండే సొసైటీలే వాటిలో సభ్యులు. ఆ రెండూ కలిసి ఒమన్ దేశంలో ఒక పెద్ద ఎరువుల ఫ్యాక్టరీలో సగం వాటాదారులు.

సూర్ అనే ఊరి దగ్గర, సముద్రం ఒడ్డున ఉందా ఫ్యాక్టరీ. 2005లో మొదలైంది. ఏడాదికి దాదాపు 16.5 లక్షల టన్నుల యూరియా తీసే సామర్థ్యం. కట్టడానికి 100 కోట్ల డాలర్లకి కాస్త తక్కువ అయింది, అందులో ఎక్కువ భాగం అప్పే. అంత దూరం ఎందుకెళ్ళారంటే గ్యాస్ కోసం. యూరియాకి ముడిసరుకు సహజవాయువు. దాన్నుంచి హైడ్రోజన్ తీసి, గాల్లో ఉన్న నైట్రోజన్‌తో కలిపితే అమ్మోనియా, అమ్మోనియాకి కార్బన్ డయాక్సైడ్ కలిపితే యూరియా. గ్యాస్ చౌకగా దొరికే చోట ఫ్యాక్టరీ కట్టి, యూరియాని ఓడలో తెచ్చుకోవడమే లాభం.

ఇక్కడ మనం నేర్చుకోవాల్సింది అప్పు సంగతి. ఇంకా పునాది కూడా పడని ఫ్యాక్టరీకి బ్యాంకు కోట్లు ఎలా ఇస్తుంది? మాట చూసి ఇస్తుంది. కాగితం మీద రాసి సంతకం పెట్టిన మాట. ఈ ఫ్యాక్టరీకి అలాంటివి రెండున్నాయి. ఏళ్ళ తరబడి గ్యాస్ ఇస్తానని ఒమన్ చెప్పింది. 15 ఏళ్ళు యూరియా కొంటానని మన కేంద్ర ప్రభుత్వం చెప్పింది. అమ్మేవాడూ కొనేవాడూ ముందే ఖాయమయ్యాక బ్యాంకుకి భయమేముంది?

గ్యాస్ ఒమన్‌ది. అందుకే ఒమన్ ప్రభుత్వ సంస్థ మిగతా సగం వాటా తీసుకుని ఒప్పందంలో యజమానిగా కూర్చుంది. కొన్నేళ్ళయ్యాక గ్యాస్ ధర చాలడం లేదంది, పెంచించుకుంది. (అక్కడ రాజ్యం సుల్తాన్‌ది, సూర్ జాలర్లని ఎవరైనా అడిగారా అంటే అది వేరే లెక్క.) కనీసం సరుకు ఎవరిదో వాళ్ళ పేరు కాగితం మీద ఉంది.

ఇప్పుడు అదే గల్ఫ్ నుంచి డబ్బు ఇటు వచ్చిన కథ చూడండి.

2007లో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం రాస్ అల్ ఖైమాతో బాక్సైట్ ఒప్పందం చేసుకుంది. ఆ ఎమిరేట్ పెట్టుబడి సంస్థ, పెన్నా గ్రూపు కలిసి విశాఖ జిల్లా మాకవరపాలెంలో అన్‌రాక్ అల్యూమినా ఫ్యాక్టరీ పెట్టాయి. బాక్సైట్‌ని పొడి చేసి వేడి కాస్టిక్ సోడాలో ఉడికిస్తే అల్యూమినా వస్తుంది, మిగిలిందంతా ఎర్ర బురద. ఏడాదికి 15 లక్షల టన్నుల అల్యూమినా అనుకున్నారు. ఇక్కడా బ్యాంకులు మాట చూసే అప్పిచ్చాయి. బాక్సైట్ ఇప్పిస్తామని ప్రభుత్వం ఇచ్చిన మాట. ఆ బాక్సైట్ ఎక్కడుంది? జెర్రెల కొండల్లో. ఆ కొండలు ఎవరివి?

1997లో సమతా తీర్పు స్పష్టంగా చెప్పింది, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీకి లీజు కుదరదని. అందుకని ఒక దారి వెతికారు. లీజు ప్రభుత్వ సంస్థ ఏపీఎండీసీ పేరు మీద, తవ్వేది ఏపీఎండీసీ, సరుకు మాత్రం కంపెనీకి. తీర్పు అక్షరం బతికింది, ప్రాణం పోయింది. గ్రామసభని అడగకముందే గల్ఫ్‌కి మాట వెళ్ళిపోయింది. 2015 నవంబర్‌లో 1,212 హెక్టార్ల అడవి కోసం జీవో 97 వచ్చాక ఏజెన్సీ అంతా లేచింది. ప్రభుత్వం వెనక్కి తగ్గింది, 2019లో ఆ జీవో రద్దయింది. ఫ్యాక్టరీ లేచింది గానీ దానికి మన కొండ రాయి అందలేదు.

అది మన గెలుపే. కానీ అక్కడితో కథ అయిపోలేదు. 2016లో రాస్ అల్ ఖైమా సంస్థ, భారత్-యూఏఈ పెట్టుబడి ఒప్పందం కింద మన దేశం మీద అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్ళింది. మాటిచ్చి తప్పారు, నష్టపరిహారం కట్టండి అని. ఆ గదిలో పెట్టుబడిదారుడికి కుర్చీ ఉంది, ప్రభుత్వానికి కుర్చీ ఉంది. జెర్రెల గ్రామసభకి లేదు. తనది కాని కొండని రాసిచ్చిన వాళ్ళు బాగానే ఉన్నారు, దావా మాత్రం దేశం మీద.

డెల్టాలో నాతో చదువుకున్న వాళ్ళు అడుగుతుంటారు, "ఫ్యాక్టరీలే వద్దంటే ఎలారా, యూరియా లేకపోతే వరి పండుతుందా?" అని. వద్దని ఎవరన్నారు? ఆ వరి చేలల్లో నాట్లు వేసేదీ, కలుపు తీసేదీ మా యానాది ఆడవాళ్ళే. మా చిన్నాన్న ఎకరం కౌలు చేస్తాడు, కౌలు కార్డు లేక సొసైటీలో సభ్యుడు కాలేకపోయాడు, ఆ ఒమన్ ఫ్యాక్టరీలో రవ్వంత వాటా కూడా ఆయనకి లేదు. యూరియా మాత్రం బయట ఎక్కువ రేటుకి కొంటాడు. నేనడిగేది ఒక్కటే. బ్యాంకు దగ్గరికి వెళ్ళే కాగితం మీద సరుకు సొంతదారుడి సంతకం ఉందా లేదా?

ఇవాళ అల్లూరి జిల్లా కొండల మీద పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టులు వస్తున్నాయి. మనం ఎప్పుడూ బుల్డోజర్ వచ్చాకే రోడ్డెక్కుతాం. అప్పటికి అప్పు మంజూరై, వడ్డీ నడుస్తూ ఉంటుంది. "ఇంత ఖర్చు పెట్టాక ఆపితే ఎలా" అనే వాదన అక్కడే పుడుతుంది. కాబట్టి అలంకార్ సెంటర్ ధర్నా చౌక్‌కి వచ్చే ముందే ఒప్పందం చదవాలి. బీకాం, లా చదివిన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇది మీ పని. ప్రాజెక్టు ఏదైనా మూడు సంగతులు చూడండి: ఎవరు ఏ మాటిచ్చారు, గ్రామసభ తీర్మానం తేదీ ఒప్పందానికి ముందా తర్వాతా, మాట తప్పితే నష్టం ఎవరి నెత్తిన.

ఏపీఎండీసీ ఆఫీసు ఇప్పుడు విజయవాడ పక్కనే, కానూరులో ఉంది. సమాచార హక్కు దరఖాస్తుకి ఫీజు 10 రూపాయలు. బాక్సైట్ సరఫరా ఒప్పందం కాపీతో మొదలుపెట్టండి.